క్రూజ్ క్యాబిన్ అప్‌గ్రేడ్ ఆఫర్: కంపెనీ ఎందుకిస్తుంది, బదులుగా మన దగ్గర్నుంచి ఏం తీసుకుంటుంది

సమ్మర్ సెలవులు దగ్గరపడుతుంటే డల్లాస్, హ్యూస్టన్ వైపు మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం స్క్రీన్‌షాట్ తిరుగుతూ ఉంటుంది. "మీ క్యాబిన్ అప్‌గ్రేడ్ చేసుకునే అవకాశం" అని ఓ మెయిల్, నీలి సముద్రం ముందు తెల్ల కుర్చీ ఫొటో, కింద మనిషికి ఇంత అని ఓ అంకె. దాని కింద "తీసుకోవచ్చా, ఎవరైనా ట్రై చేశారా" అని ప్రశ్న. ఇక జవాబులు మొదలవుతాయి, ఒకాయన కళ్ళు మూసుకుని కొట్టెయ్ అంటాడు, ఇంకొకావిడ డబ్బులు దండగ రూములో ఎవరుంటారు అంటుంది, మూడో ఆయన మినిమమ్ బిడ్ వేస్తే సూట్ వచ్చిందని ఫొటోలు పెడతాడు. ముగ్గురూ అబద్ధం చెప్పట్లేదు. ముగ్గురి ఓడలు వేరు, ముగ్గురు అంతకుముందు బుక్ చేసుకున్న రూములు వేరు, అంతే. అందుకే తీసుకోవాలా వద్దా అనే ముందు ఈ ఆఫర్ అసలు ఎక్కడ్నుంచి పుడుతుందో చూద్దాం, ఎందుకంటే అది తెలిస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ముందు రూముల రకాలు, ఆ తర్వాత "గ్యారంటీ" అనే తిరకాసు మాట

ఓడలో రూములు స్థూలంగా నాలుగు రకాలు. ఇన్‌సైడ్ అంటే కిటికీ లేనిది, లైటు ఆపేస్తే మధ్యాహ్నం రెండింటికి కూడా అమావాస్య రాత్రే, 150 నుంచి 190 చదరపు అడుగులు ఉంటుంది. ఓషన్ వ్యూ అంటే కిటికీ ఉంటుంది గానీ తెరుచుకోదు. బాల్కనీ సంగతి తెలిసిందే, తలుపు తీసుకుని బయట రెండు కుర్చీల్లో కూర్చోవచ్చు. సూట్ అంటే పెద్ద రూముతో పాటు కొన్ని సౌకర్యాలు, విడిగా చెక్ఇన్ లైను, కొన్ని ఓడల్లో వాళ్ళకే వేరే రెస్టారెంటు. నార్వేజియన్ అనే క్రూజ్ కంపెనీలో హేవెన్ అంటారు, ఎమ్ఎస్‌సీ కంపెనీలో యాట్ క్లబ్, సెలెబ్రిటీలో రిట్రీట్, ఓడలో ఇంకో చిన్న ఓడలాంటి ఏర్పాటు అది.

ఈ నాలుగింటి లోపల మళ్ళీ బోలెడు కేటగిరీలుంటాయి, ఒక్క బాల్కనీకే అంకె, అక్షరం కలిపిన కోడ్‌లు అరడజను పైనే. తేడా చాలాసార్లు రూములో ఉండదు, ఏ డెక్కు (అంతస్తు) మీద ఉంది, ఓడ మధ్యలోనా చివర్లోనా అన్నదే తేడా. కాబట్టి "అప్‌గ్రేడ్" అన్నంత మాత్రాన రకం మారుతుందనుకోకూడదు, ఉన్న బాల్కనీ నుంచి రెండంతస్తులు పైనున్న అచ్చం అలాంటి బాల్కనీకి పంపినా వాళ్ళ లెక్కలో అది అప్‌గ్రేడే. ఇన్‌సైడ్ నుంచి కిటికీ రూముకి మారిస్తే కిటికీ ఎదురుగా లైఫ్‌బోట్ నారింజరంగు వీపు కనిపించే రూము రావచ్చు, అది కూడా అప్‌గ్రేడే.

ఇక గ్యారంటీ. ఈ మాట వినగానే ఏదో భరోసా అనిపిస్తుంది గానీ అర్థం దాదాపు తిరగేసి ఉంటుంది. గ్యారంటీ రూము అంటే కాస్త తక్కువ రేటుకి "బాల్కనీ ఇస్తాం" అని మాట ఇస్తారు, ఏ నంబరు, ఏ డెక్కు అనేది తర్వాత వాళ్ళిష్టం. ఈ పద్ధతిలో కొన్నవాళ్ళకి పోయేదేం లేదు, వాళ్ళు రూము నంబరు ముందే వదిలేసుకున్నారు. డెక్ ప్లాన్ ముందేసుకుని గంటసేపు వెతికి నంబరు ఎంచుకున్నవాళ్ళ సంగతి వేరు, అది కింద వస్తుంది.

ఒక ఖాళీ సూట్‌తో నాలుగుసార్లు డబ్బు

క్రూజ్ కంపెనీలు ఓడని ఖాళీగా పంపవు. మనిషి ఎక్కితేనే కదా లోపల డ్రింకులు, వైఫై, స్పా, కాసినో, పోర్టుల్లో టూర్లు అమ్మేది. ఒక రూముకి ఇద్దరు అనుకుంటే అది వంద శాతం, పిల్లలు మూడో నాలుగో బెడ్డు ఎక్కుతారు కాబట్టి వంద దాటుతుంది కూడా, 2023లో రాయల్ కరీబియన్ గ్రూపు లెక్క 105 శాతం పైనే. అంత నిండే ఓడలో మనకి ఇచ్చేందుకు ఖాళీ రూము ఎక్కడిది అని అనుమానం రావాలి కదా.

జవాబు ఏంటంటే ఓడ కింద నుంచి పైకి నిండుతుంది. చవగ్గా ఉండే ఇన్‌సైడ్లు ముందు అయిపోతాయి, ఖరీదైనవి చివరిదాకా మిగులుతాయి. పాత ఓడల్లో ఈ సమస్య తక్కువ, ఎందుకంటే వాటిలో బాల్కనీలే కొన్ని. 2022 జూన్‌లో వైజాగ్ వచ్చిన కార్డీలియా కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడ గుర్తుందా, జనం బీచ్ రోడ్డు మీద నిలబడి చూశారు, అది 1990లో కట్టిన ఓడ, అందులో ఎక్కువ భాగం కిటికీ రూములు, ఇన్‌సైడ్లే. ఇప్పుడు కట్టే పెద్ద ఓడలు అలా కాదు, వాటిలో సగానికి పైగా బాల్కనీలే. అంటే బేరం ఆడేవాళ్ళు కోరుకునే చవక రూములు తక్కువ, కాస్త ఆలోచించి కొనే రూములు ఎక్కువ. ఆఫర్ మెయిల్స్ పెరగడానికి ఇదొక పెద్ద కారణం.

ఇప్పుడు ఒక ఖాళీ సూట్ ఉందనుకోండి. బయల్దేరే ముందు వారం దాన్ని పూర్తి రేటుకి కొనేవాడు దొరకడం కష్టం, దొరికే రేటుకి పబ్లిగ్గా పెడితే ముందే ఎక్కువ పెట్టి కొన్నవాళ్ళు గోల చేస్తారు. అదే బాల్కనీలో ఉన్న ఒక జంటకి 800 డాలర్లకి ఇచ్చారనుకోండి, ఒక బాల్కనీ ఖాళీ అయింది. దాన్ని కిటికీ రూములో ఉన్నవాళ్ళకి 300కి ఇచ్చారు, కిటికీ రూము ఖాళీ. దాన్ని ఇన్‌సైడ్ వాళ్ళకి 120కి ఇచ్చారు. చివరికి ఒక ఇన్‌సైడ్ మిగిలింది, ఓడలో అన్నిటికంటే తొందరగా అమ్ముడుపోయేది అదే, దాన్ని కొత్త కస్టమర్‌కి 1,300కి అమ్మారు. మొత్తం 2,520 డాలర్లు, పైగా కొత్తగా ఎక్కిన ఇద్దరు లోపల పెట్టే ఖర్చు. అంకెలు నేను ఉదాహరణకి వేసినవి గానీ మెట్లు మాత్రం ఇలాగే కదుల్తాయి. కాబట్టి ఈ మెయిల్ మన మీద ప్రేమా కాదు, మోసమూ కాదు, మనం ఇప్పుడు తీసుకున్న రూము కంపెనీకి కావాలి, అందుకోసం మనల్ని ఒక మెట్టు పైకి జరగమంటున్నారు, జరిగినందుకు మనదగ్గరే డబ్బు తీసుకుంటున్నారు (ఈ తెలివికి మాత్రం దండం పెట్టాలి).

మన రైల్వేలో ఉన్నదే, కాకపోతే అక్కడ ఫ్రీ

ఐఆర్‌సీటీసీలో టికెట్ బుక్ చేసేటప్పుడు ఆటో అప్‌గ్రెడేషన్ అని ఓ టిక్కు బాక్సు ఉంటుంది చూడండి, 2006 నుంచి ఉన్న పద్ధతి. పై క్లాసులో బెర్తులు ఖాళీ ఉంటే స్లీపర్ వాళ్ళని థర్డ్ ఏసీకి ఎక్కించి, స్లీపర్‌లో ఖాళీ అయిన బెర్తులు వెయిటింగ్ లిస్ట్ వాళ్ళకి ఇస్తారు. లాజిక్ అచ్చం ఇదే. అక్కడి కష్టం కూడా అచ్చం ఇదే, అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులని ఎన్ని తిప్పలు పడి లోయర్ బెర్త్ సంపాదించినా, అప్‌గ్రేడ్ పేరుతో ఏసీలో అప్పర్ వస్తే ఆవిడకి అది ప్రమోషన్ కాదు, శిక్ష. రైల్లో ఒక రాత్రి, ఓడలో ఏడు రాత్రులు, పైగా డబ్బు కట్టి మరీ.

క్రూజుల్లో ఈ జరపడం మూడు రూపాల్లో వస్తుంది. అసలు అడక్కుండా ఫ్రీగా మార్చెయ్యడం ఒకటి, ఇది ఎక్కువగా గ్యారంటీ వాళ్ళకే జరుగుతుంది. రెండోది ఫిక్స్‌డ్ రేటు, మెయిల్‌లోనో ఫోన్‌లోనో "మనిషికి ఇంత కడితే ఫలానా రూము" అంటారు, ఇందులో ఒక సుగుణం ఏంటంటే చాలాసార్లు ఏ రూము నంబరో అడిగి చూసుకుని ఒప్పుకోవచ్చు. మూడోది బిడ్, అంటే పై రూముకి ఇంత ఇస్తామని మనమే ఓ అంకె వేస్తాం, ఒప్పుకోవడం మానడం కంపెనీ ఇష్టం, ఇప్పుడు జనాన్ని ఎక్కువ కన్‌ఫ్యూజ్ చేస్తున్నది ఇదే.

బిడ్ పేజీలో ఆ ముల్లు చూపించేది ఏంటి

రాయల్ కరీబియన్ దీన్ని రాయల్ అప్ అంటుంది, సెలెబ్రిటీ మూవ్ అప్, నార్వేజియన్ అప్‌గ్రేడ్ అడ్వాంటేజ్. పేర్లు వేరైనా పేజీ దాదాపు ఒకేలా కనిపిస్తుంది, కారణం ఉంది, ఇలాంటి బిడ్ పేజీలు తయారుచేసిచ్చే కంపెనీలు వేరే ఉన్నాయి, మాంట్రియల్‌లోని ప్లస్‌గ్రేడ్ అనేది వాటిలో పెద్దది. ఎతిహాద్‌లో హైదరాబాద్ వచ్చేటప్పుడు బిజినెస్ క్లాసుకి బిడ్ వెయ్యమని మెయిల్ చూసినవాళ్ళకి ఆ స్లైడర్ చూడగానే ఎక్కడో చూశామే అనిపిస్తుంది.

పేజీలో మీకంటే పైనున్న కేటగిరీలన్నీ ఉంటాయి, ఒక్కోదానికి ఒక మినిమమ్, ఒక మాగ్జిమమ్, మధ్యలో జరుపుకునే స్లైడరు, పక్కన ఎరుపు నుంచి ఆకుపచ్చకి తిరిగే ముల్లు. ఆ ముల్లు ఆకుపచ్చలోకి వెళ్తే వచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. కాదు. మీ అంకె ఆ రేంజిలో ఎంత పైన ఉందో అది చెప్తుంది గానీ ఆ కేటగిరీలో ఖాళీలున్నాయా లేదా అనేది చెప్పదు. నాలుగు సూట్లు మిగిలిన ఓడలో ఎరుపు బిడ్ గెలుస్తుంది, ఒక్కటీ మిగలని ఓడలో పచ్చటి బిడ్ ఓడిపోతుంది, ముల్లు జరపమన్న కొద్దీ జరపడం వల్ల ఖాయంగా లాభపడేది ముల్లు పెట్టినవాళ్ళే.

ఇంకో రెండు విషయాలు చిన్న అక్షరాల్లో ఉంటాయి. బిడ్ వేసినప్పుడు కార్డు నంబరు ఇస్తాం, ఒప్పుకున్న క్షణం డబ్బు కట్ అవుతుంది, ఒప్పుకునే ముందు వరకు మార్చుకోవచ్చు, తీసేసుకోవచ్చు, ఆ తర్వాత వెనక్కి రాదు. ఆ ఒప్పుకోవడం నెల ముందు జరగొచ్చు, బయల్దేరడానికి రెండ్రోజుల ముందు జరగొచ్చు. ఇంకోటి, మూడు కేటగిరీలకి బిడ్లు వేస్తే మూడింట్లో ఏదైనా ఒకటే ఒప్పుకుంటారు, ఏది అనేది వాళ్ళిష్టం. "ఎలాగూ రాదులే" అని సరదాకి సూట్ మీద వెయ్యి డాలర్లు పెట్టిన మా ఫ్రెండ్‌కి అదే వచ్చింది, ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్ టింగుమంది, వాడి మొహం చూడాల్సింది.

గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రులు, ఒక జంట, ఒక లెక్క

టెక్సస్ వాళ్ళకి బాగా అలవాటైన ట్రిప్పు తీసుకుందాం, గాల్వెస్టన్‌లో ఎక్కి రొటాన్, కోస్టా మాయా, కోజుమెల్ చూసి తిరిగి రావడం. అందులో మూడు రోజులు పోర్టులు, మూడు రోజులు పూర్తిగా సముద్రం మీదే. రేట్లు నేను ఊహించి వేస్తున్నా, మీ అంకెలు మీరు వేసుకోండి. ట్యాక్సులు ఏ రూముకైనా ఒకటే కాబట్టి పక్కన పెడదాం.

జంట ఇన్‌సైడ్ తీసుకుంది, మనిషికి 700. ఆ రోజు బాల్కనీ మనిషికి 1,050 ఉంది, అంటే తేడా ఇద్దరికీ కలిపి 700. మూడు నెలల తర్వాత బిడ్ మెయిల్ వచ్చింది, బాల్కనీకి మినిమమ్ మనిషికి 140. ఇప్పుడు ఓడలో బాల్కనీ రేటు మనిషికి 1,200 అయింది. వీళ్ళు 170 వేశారు, వచ్చింది. ఇద్దరికి 340, రాత్రికి 49 డాలర్లు లోపు. మొదట్లోనే బాల్కనీ కొంటే 700 అయ్యేది కాబట్టి 360 మిగిలింది. ఇది వాట్సాప్‌లో ఫొటోలు పెట్టే రకం కథ.

ఇదే జంట ముల్లు చూసి టెంప్ట్ అయి 380 వేసిందనుకోండి. ఇద్దరికి 760. మొదట్లోనే బాల్కనీ కొనుంటే 700తో పోయేది, రూము కూడా నచ్చింది ఎంచుకునేవాళ్ళు. "ఇప్పటి రేటుతో పోలిస్తే చవకే కదా" అనొచ్చు, నిజమే, 1,200లోంచి 700 తీసేస్తే 500, దానికంటే 380 తక్కువే. రెండు వాదనల్లోనూ న్యాయం ఉంది గానీ మొదటి తేడా మన జేబుకి సంబంధించింది, రెండో తేడా కంపెనీ ఆ రోజు బోర్డు మీద రాసుకున్న అంకెకి సంబంధించింది. నేనైతే మొదటిదాన్నే గీతగా పెట్టుకుంటా.

మూడోది చాలామంది మిస్సయ్యేది. ఫైనల్ పేమెంట్ గడువు అని ఒకటుంటుంది, మిగతా డబ్బంతా కట్టెయ్యాల్సిన రోజు, చాలా ట్రిప్పులకి బయల్దేరడానికి 90 రోజుల అటూ ఇటూ. ఆ గడువు లోపల బాల్కనీ రేటు మనిషికి 820కి పడిపోయిందనుకోండి. తేడా 120. బిడ్ మినిమమే 140! అంటే బిడ్ గెలవడం కంటే, ఏజెంటుకో కంపెనీకో ఫోన్ చేసి బుకింగ్‌ని బాల్కనీకి మార్పించుకోవడమే చవక, పైగా నంబరు మనిష్టం, వస్తుందో రాదో అనే టెన్షన్ లేదు. బిడ్ మెయిల్ వచ్చిన రోజు ముందు చూడాల్సింది స్లైడర్ కాదు, మామూలు బుకింగ్ పేజీలో ఇవాళ్టి రేటు, ఎందుకంటే మెయిల్ ఆ సంగతి చెప్పదు. అయితే రూము మార్పిస్తే మొదటి బుకింగ్‌తో వచ్చిన ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి కంపెనీ ఇచ్చే డబ్బు) లాంటివి పోతాయేమో అడిగి చూసుకోవాలి.

ఇక 340 దండగా కాదా అంటే, ఆ బాల్కనీలో ఎన్ని గంటలు కూర్చుంటారో చూడండి. సముద్రం మీదున్న మూడు రోజులూ రోజుకి మూడు గంటలు, మిగతా నాలుగు రోజులు సాయంత్రం ఓ గంట, మొత్తం పదమూడు గంటలు. గంటకి 26 డాలర్లు. ఇద్దరికీ టీ పెట్టుకుని నీళ్ళు చూస్తూ కూర్చోవడం ఇష్టమైతే అది పెద్ద డబ్బు కాదు. పొద్దున్నే జిమ్ము, తర్వాత స్విమ్మింగ్ పూల్, తర్వాత బింగో, రాత్రి షో చూసి ఒంటిగంటకి రూముకొచ్చి పడిపోయే రకమైతే బాల్కనీ తలుపు ఏడు రోజుల్లో రెండుసార్లు తీస్తారు, ఒకటి ఫొటోకి.

పిల్లలుంటే లెక్క ఒకలా, ఒంటరిగా వెళ్తే ఇంకోలా

బిడ్ "మనిషికి" అని రాసి ఉంటుంది గానీ రాయల్ అప్‌లో వసూలు చేసేది రూములో మొదటి ఇద్దరికే. నలుగురు ఒకే రూములో ఉంటే మనిషికి 160 వేసినా కట్టేది 320, తలకి 80 పడినట్టు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఇది నిజంగా మంచి బేరం. కాకపోతే నలుగురు పట్టే రూములు తక్కువ, పైగా ప్రమాద సమయంలో ఎవరు ఏ చోట చేరాలి, ఏ లైఫ్‌బోట్ ఎక్కాలి అన్నదానికి ఓడలో ఏ భాగానికి ఎంతమంది అని పరిమితి ఉంటుంది, కాబట్టి రూము ఖాళీ ఉన్నా నలుగురిని అక్కడికి మార్చడం కుదరకపోవచ్చు. అందుకే నలుగురున్న బిడ్లు ఇద్దరున్న బిడ్ల కంటే గెలవడం కష్టం.

ఒక్కళ్ళే వెళ్తుంటే దీనికి తల్లకిందులు. రూము రేటే ఇద్దరి లెక్కన కట్టారు, బిడ్డూ ఇద్దరి లెక్కనే. స్క్రీన్ మీద 160 చూసి నొక్కితే కార్డు మీద 320 పడుతుంది.

ఇండియా కార్డుతో వేసేవాళ్ళకి ఇంకో చిన్న చిల్లు, డాలర్లలో కట్ అయ్యేదానికి బ్యాంకు ఫారెక్స్ మార్కప్ రెండు నుంచి మూడున్నర శాతం దాకా వేస్తుంది. సింగపూర్ నుంచి వెళ్ళే మనవాళ్ళు ఇది మర్చిపోతుంటారు.

మనం నిజంగా వదులుకునేది రూము నంబరు

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు సంగతి. నా మటుకు నాకు అసలు సంగతి ఇక్కడుంది. బిడ్ వేసినప్పుడు మనం కొనేది కేటగిరీ, ఇచ్చేసేది ఒక ఫలానా రూము. కొన్న కేటగిరీలో ఏ మూల పడతామో తెలీదు.

ఓడ ఊగడం అంతటా ఒకేలా ఉండదు. చిన్నపిల్లలు ఆడే తూగుబల్ల ఊహించుకోండి, చివర్లు లేస్తాయి దిగుతాయి, మధ్యలో పెద్దగా కదలదు. ఓడ మధ్యలో కింది డెక్కుల్లో ఉన్న ఇన్‌సైడ్ రూము అన్నిటికంటే నిలకడైన చోటు, పైకి వెళ్ళే కొద్దీ ముందుకో వెనక్కో వెళ్ళే కొద్దీ ఊపు పెరుగుతుంది. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులయ్యే మనిషి ఇంట్లో ఉంటే, మధ్యలో ఉన్న చవక రూము వదిలి ముక్కు దగ్గరున్న పై డెక్కు బాల్కనీకి వెళ్ళడం అప్‌గ్రేడ్ కాదు.

శబ్దం ఇంకోటి. మేం రెండోసారి వెళ్ళినప్పుడు (కంపెనీ పేరు ఎందుకులెండి) ఎనిమిదో డెక్కులో చక్కటి రూము వదిలేసి ఫిక్స్‌డ్ రేటు ఆఫర్‌కి ఒప్పుకున్నాం, బాల్కనీ అనేసరికి మా ఆవిడ కంటే నేనే ఎక్కువ ఎగిరా, ఏ నంబరని అడగలేదు. వెళ్ళి చూస్తే రూము బ్రహ్మాండం, నెత్తిమీద పూల్ డెక్కు. పొద్దున అయిదున్నరకి కుర్రాళ్ళు ఆ పొడవాటి కుర్చీలు సర్దడం మొదలుపెడతారు, ఒక్కో కుర్చీ కర్ర్ర్ మని లాగుతుంటే సీలింగ్ మీద ఎవరో రోలు జరుపుతున్నట్టుండేది. అమ్మ రెండో రోజు "ఇక్కడ కూడా పైన అద్దెకున్నవాళ్ళ గోలేనా" అంది. ఏడు రోజులూ అలారం అక్కర్లేకపోయింది. కంపెనీ తప్పేం లేదు, డెక్ ప్లాన్ అందరికీ కనిపించేలానే ఉంది, మన రూము పైనా కిందా కూడా రూములే ఉంటే ప్రశాంతం, పైన బఫేనో స్విమ్మింగ్ పూలో, కింద థియేటరో నైట్‌క్లబ్బో ఉంటే కాదు. ఫిక్స్‌డ్ ఆఫర్‌లో ఇది అడిగి తెలుసుకోవచ్చు. బిడ్‌లో అడగడానికి లేదు.

రెండు రూములు తీసుకుని వెళ్ళే కుటుంబాలకి ఇది ఇంకా ముఖ్యం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఒక రూములో, మీరూ పిల్లలూ పక్క రూములో, మధ్యలో తలుపు. ఆఫర్ మెయిల్ మాత్రం రెండు బుకింగులకి రెండుగా వస్తుంది, రెండింటికీ బిడ్ వేస్తే ఒకటే గెలవొచ్చు, రెండూ గెలిచినా ఒకటి ఆరో డెక్కు ముందు భాగంలో, ఇంకోటి పదో డెక్కు చివర్లో రావొచ్చు. పెద్ద ఓడలు మూడొందల మీటర్లు దాటుతాయి, ఐకాన్ ఆఫ్ ది సీస్ అయితే 365. నాన్నగారు రాత్రి బీపీ మాత్ర ఎక్కడుందని అడగడానికి ఆ కారిడార్ అంతా నడవాలి, ఫోన్ చేద్దామంటే మనం ఏ షోలోనో ఉంటాం. ఇలాంటి బుకింగు ఉన్నవాళ్ళు ఆ మెయిల్‌ని పట్టించుకోకపోవడమే కాదు, ఫ్రీగా కూడా మార్చొద్దని కంపెనీకో ఏజెంటుకో చెప్పి బుకింగ్‌లో నోట్ పెట్టించుకుంటారు, చాలా చోట్ల ఆ వీలుంది.

సూట్ అంటే రూము ఖరీదా, సౌకర్యాల ఖరీదా

బాల్కనీ నుంచి సూట్‌కి లెక్క వేరేగా చెయ్యాలి. మనిషికి 600 వేసి గెలిచారనుకోండి, 1,200. దీని పైన టిప్పులు, సూట్ వాళ్ళకి రోజువారీ గ్రాట్యుటీ కాస్త ఎక్కువ వేసే కంపెనీలున్నాయి, మనిషికి రోజుకి రెండున్నర డాలర్లు తేడా అనుకుంటే ఇద్దరికి ఏడు రోజులకి ఇంకో 35. మొత్తం 1,235.

దీనికి బదులు వచ్చేవాటిలో మీరు ఎలాగూ డబ్బు పెట్టి కొనేవి ఏమున్నాయో వాటినే లెక్కలో వేసుకోవాలి. డ్రింక్స్ ఫ్రీ అంటే తాగేవాళ్ళకి వందల డాలర్ల విలువ, కొబ్బరినీళ్ళు దొరికితే చాలనుకునే ఇంటికి సున్నా. వేరే రెస్టారెంట్ బాగుంటుంది గానీ పెద్ద డైనింగ్ హాల్లో ఇండియన్ వెజ్ అడిగితే రోజూ చేసిపెట్టే హెడ్ వెయిటర్ ఇప్పటికే దొరికి ఉంటే, అది వదిలి వెళ్తారా? లైన్లలో నిలబడక్కర్లేకపోవడం మాత్రం పెద్దవాళ్ళుంటే నిజమైన సుఖం, చెక్ఇన్ హాల్లో గంట నిలబడినవాళ్ళకి తెలుస్తుంది. ఇంకో మెలిక లాయల్టీ పాయింట్లు, రాయల్ కరీబియన్‌లో సూట్ కొంటే రాత్రికి రెట్టింపు పాయింట్లు వస్తాయి, బిడ్‌తో సూట్‌కి వెళ్ళినవాళ్ళకి మాత్రం మొదట కొన్న రూము లెక్కనే ఇస్తారు. పాయింట్ల కోసమే సూట్ అనుకునేవాళ్ళు బిడ్ దారిలో వెళ్తే అక్కడికి చేరరు.

అలాస్కాకి బాల్కనీ తప్పనిసరా?

ఈ ప్రశ్న మీద మనవాళ్ళు రెండు పార్టీలు. సియాటిల్ నుంచి వెళ్ళొచ్చిన సగం మంది బాల్కనీ లేకుండా అలాస్కా వెళ్ళకూడదంటారు. తెల్లారి అయిదింటికి దుప్పటి కప్పుకుని తలుపు తీస్తే మంచు కొండలు దగ్గరగా జరిగిపోతుంటాయి, ఎవరితోనూ చోటు కోసం తోసుకోనక్కర్లేదు, అది డబ్బుతో కొనదగ్గ సుఖమే. మిగతా సగం మంది చెప్పేది కూడా వినదగ్గదే. గ్లేసియర్ బే లాంటి చోట ఓడ హిమానీనదం ముందు ఆగి మెల్లగా గిర్రున తిరుగుతుంది, రెండు వైపులవాళ్ళకీ కనపడాలని. బాల్కనీ వాళ్ళకి ఆ తిరుగుడులో సగమే దక్కుతుంది, పై డెక్కు మీద నిలబడినవాడికి మొత్తం కనిపిస్తుంది. తిమింగలం ఎడమ వైపు అని మైకులో చెప్పగానే కుడి బాల్కనీ వాళ్ళు చెప్పులేసుకుని పరిగెత్తాల్సిందే.

కరీబియన్‌లో వాదన ఇంకో రకం. అక్కడ బయట చూడ్డానికి రెండ్రోజులు నీళ్ళు తప్ప ఏం లేదు, కాబట్టి బాల్కనీ దండగ అని ఒకళ్ళు, ఆ ఖాళీ నీళ్ళు చూడ్డానికే కదా వచ్చింది అని ఇంకొకళ్ళు. మూడు రాత్రుల సింగపూర్ ట్రిప్పుకి అయితే నాకు పెద్దగా వాదన కనపడదు, రూములో ఉండేదే తక్కువ.

అసలు బిడ్లే వెయ్యొద్దు, కావాల్సిన రూము మొదట్లోనే కొనుక్కోమనే వర్గం కూడా ఉంది, వాళ్ళ మాటలో బలం ఉంది. బిడ్ రాకపోతే మీరు కొన్న ఇన్‌సైడ్‌లోనే ఏడు రాత్రులు పడుకోవాలి, అది మీకు ఓకే అయితేనే ఈ ఆట. చీకటి రూములో ఊపిరాడదు అనిపించే మనిషి బిడ్ గెలుస్తామనే ధీమాతో ఇన్‌సైడ్ కొనడం జూదం కిందే లెక్క. అదే గ్యారంటీ ఇన్‌సైడ్ కొని, ఎక్కడైనా నిద్రపోగలిగే జంటకి మినిమమ్ పైన ఓ పాతిక వేసి మర్చిపోవడంలో పోయేదేం లేదు, వాళ్ళకి వదులుకోవడానికి నంబరే లేదు మరి.

ఒప్పుకున్నాక జరిగేది

గెలిచారని మెయిల్ వచ్చాక యాప్‌లో కొత్త రూము నంబరు కనపడటానికి కొన్ని గంటలు పట్టొచ్చు. ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్ళు ట్రిప్ ఖర్చు పెరిగిందని పాలసీలో మార్పించుకోవాలేమో అడగాలి, కట్టిన మొత్తాన్ని బట్టి కవరేజీ ఇచ్చే పాలసీలు ఉంటాయి. పోర్టులో చాలామంది దొరికిపోయేది మాత్రం సూట్‌కేస్ ట్యాగుల దగ్గర. వారం ముందే ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి స్టాపిల్ కొట్టిన ట్యాగుల మీద పాత నంబరుంటుంది, పోర్టర్ ఆ నంబరు చూసే పెట్టె పంపిస్తాడు. సాయంత్రం ఆరున్నరకి మీ రూముకి పెట్టె రాదు, కింద ఎనిమిదో డెక్కులో, మీ పాత ఇన్‌సైడ్ తలుపు ముందు, ఆవకాయ సీసా చుట్టిన తువ్వాలుతో సహా నిలబడి ఉంటుంది, ఆ రూములోకి కొత్తగా వచ్చిన జంట దాన్ని చూసి ఇదెవరిదా అనుకుంటూ ఉంటారు.